నిలబడ్డ లైటు, పడుకున్న లైటు

ఆక్సిజన్ మిషను మా ఇంటికి వచ్చిన రోజు, దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి హాలంతా ఒకసారి కలియజూసి దేవుడి గూటి దగ్గర ఆగిపోయాడు. ప్రమిదలో వత్తి వెలుగుతోంది. "యే సబ్ బంద్ కర్నా పడేగా, మాతాజీ" అన్నాడు. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు ప్రమాదమట. దీపం, అగరుబత్తి, హారతి కర్పూరం, ఏవీ ఇక ఆ ఇంట్లో వెలగకూడదు. నేను పువ్వుతో వత్తిని అణిచి దీపం కొండెక్కించాను. మైల రోజులు తప్పిస్తే మా ఇంట్లో సంజెదీపం లేని రోజు నేనెరగను. ఆ సాయంత్రం గూటి ముందు చీకట్లోనే కూర్చుని వేయి నామాలు చదువుకున్నాను. కంఠతా వచ్చినవే. అయినా రెండు చోట్ల తప్పాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే గ్యాంగు పనికి బిలాస్‌పూర్ వచ్చాడు. మా నాన్న గూడ్సు గార్డు. డ్యూటీ లేని సాయంత్రాలు కాలనీ రామమందిరంలో పారాయణం చేసేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తను చదివే వరస వెంట నా వేలు నడిపించేవాడు. పన్నెండేళ్ళకి నేను ఆడవాళ్ళ సభలో చదివాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి పైగా శనివారం భజన మండలి నా చేతి మీదే నడిచింది. కాలనీలో ఇప్పటి కోడళ్ళకి తెలుగు చదవడం రాదు కాబట్టి కీర్తనలు హిందీ అక్షరాల్లో రాసి ఇస్తాను. ఏ తిథికి ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని ఎవరికి సందేహం వచ్చినా నాకే ఫోను చేస్తారు. ఇదంతా చెప్పడం గొప్పకి కాదు. తర్వాత జరిగినదానికి ఇది కూడా కారణమే.

మా ఆయన ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పని చేసి రిటైరయ్యారు. నాస్తికుడేమీ కాదు గాని, మందిరానికి వస్తే మెట్ల దగ్గర మా చెప్పులకి కాపలా కాస్తాననేవారు. ఊపిరితిత్తులు పాడైపోయి, ముక్కుకి గొట్టం పెట్టుకుని కూర్చోవలసి వచ్చాక ఒక్క కోరిక కోరారు. అది కూడా కోరికలా కాదు, మర్నాటి కూర గురించి చెప్పినట్టు చెప్పారు.

"ఆఖర్న నా నోట్లో అమ్మ మొక్కది రెండాకులేసి నీళ్ళు పొయ్యి. బయట ఆకులు తేకు."

అమ్మ మొక్క అంటే మా అత్తగారు క్వార్టరు పెరట్లో పెంచిన తులసి. ఊరి నుంచి తెచ్చిన విత్తనం. మా మామగారికీ తర్వాత అత్తగారికీ ఆ చెట్టు ఆకులతోనే ఆయన తన చేత్తో తులసి తీర్థం పోశారు. మాకు పిల్లలు లేరు. ఆయనకి పొయ్యడానికి నేనొక్కదాన్నే.

క్వార్టరు ఖాళీ చేసి అర్పా నది అవతల, సర్కండాలో ఒక ఫ్లాటులోకి వచ్చాం. కింది అంతస్తు, వెనక వాటా. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ చేతికి తగులుతుంది. పెద్ద మొక్కని కుండీలోకి మార్చి మేడ మీద పెట్టించాం. ఒక పూటలో కోతులు వచ్చి దాన్ని వేళ్ళతో సహా పీకి పారేశాయి. మిగిలినవి దాని మొదట్లో తమంతట తాము మొలిచిన రెండు పిల్ల మొక్కలు. ముందే తీసి చిన్న కుండీల్లో నాటాను కాబట్టి బతికాయి. జానెడు ఎత్తు కూడా లేవు. వాటిని హాల్లో గోడవారగా పెడితే పది రోజుల్లో సన్నగా తెల్లగా సాగిపోయాయి.

"వెల్తురు లేదు దానికి. లైటు పెడదాం" అన్నారాయన.

ఫోనులో హిందీ వీడియోలు చూడటం మొదలుపెట్టారు. గదుల్లో మొక్కలు పెంచేవాళ్ళు రెండు రకాలట. కొందరు లైటుని మొక్క నెత్తి మీద అడ్డంగా వేలాడదీస్తారు, కొందరు మొక్కల పక్కన నిలువుగా నిలబెడతారు. ఎవరిది వాళ్ళే మంచిదంటారు. "రెండు మొక్కలున్నాయి కదా, మనవే తేల్చీద్దాం" అన్నారు. షెడ్‌లో ఇంజనుకి ఏదైనా ఫాల్టు వస్తే ఒక్కటే మార్చి మిగతావి అలాగే ఉంచి చూసేవాళ్ళట. అదే పద్ధతి. ఒకే దుకాణం నుంచి, ఒకే వాటు ఉన్న రెండు ఎల్ఈడీ ట్యూబులు తెప్పించారు. ఒకదాన్ని తాళ్ళు కట్టి ఒక మొక్క మీద జానెడు ఎత్తులో అడ్డంగా వేలాడదీశారు. రెండోదాన్ని పాడైపోయిన పెడస్టల్ ఫ్యాను కడ్డీకి నిలువుగా కట్టి, రెండో మొక్క పక్కన జానెడు దూరంలో నిలబెట్టారు. మధ్యలో వెలుగు కలవకుండా పాత అట్టపెట్టె. ఒకే మట్టి, ఒకే గ్లాసుతో నీళ్ళు. పొద్దున్న ఆరింటికి వెయ్యడం, రాత్రి ఎనిమిదింటికి ఆర్పడం. అడ్డంగా ఉన్నదానికి పడుకున్న లైటు, నిలువుగా ఉన్నదానికి నిలబడ్డ లైటు అని పేర్లు పెట్టారు.

గోడ మీద మా తెలుగు క్యాలెండరు ఉండేది, విశాఖపట్నం నుంచి బంధువులు ఏటా తెచ్చేది. అందులో తిథులు నావి. ఆ గళ్ళలోనే ఆయన పెన్సిలుతో పైన ఒక అంకె, కింద ఒక అంకె వేసేవారు. పైది నిలబడ్డ లైటు మొక్కకి ఉన్న ఆకులు, కిందిది పడుకున్న లైటు మొక్కకి ఉన్నవి. లెక్కపెట్టి మళ్ళీ కుర్చీలో కూర్చునేసరికి పావుగంట ఆయాసపడేవారు.

నెల తిరిగేసరికి తేడా నాకు కూడా కనిపించింది. పడుకున్న లైటు కింది మొక్క పైభాగం గొడుగులా కమ్ముకుంది. పై ఆకులు ముదురు రంగులో, వెడల్పుగా ఉన్నాయి. వాటి నీడ పడి కింది కొమ్మలు ఎదగలేదు, అక్కడ ఆకులు చిన్నవిగా, పలచగా ఉండిపోయాయి. నిలబడ్డ లైటు మొక్క మొదటి నుంచి చివరి దాకా ఆకు తొడిగింది. వెలుగు పక్కనుంచి లోపలి కొమ్మల్లోకి కూడా వెళ్ళేది. ఒకటే చిక్కు, మొక్క మొత్తం లైటు వైపు ఒరిగిపోయేది. కుండీని రోజుకింత తిప్పాలన్నారు ఆయన. నేను ఒప్పుకోలేదు. తులసి చుట్టూ మనం తిరగాలి గాని, మన కోసం తులసిని తిప్పడమేమిటి?

ఆయన వాదించలేదు. మర్నాటి నుంచి కుండీని కదపకుండా, లైటు కట్టిన ఆ ఫ్యాను కడ్డీనే రోజుకి పావు చుట్టు చొప్పున మొక్క చుట్టూ జరిపేవారు. ముక్కు గొట్టం వెనకాల నేల మీద ఈడ్చుకుంటూ వచ్చేది.

"చూడు, ఇన్నాళ్ళకి నా చేత ప్రదక్షిణాలు చేయించీసేవు. పుణ్యం నువ్వే తీసుకో" అన్నారు.

దసరా నాటికి నిలబడ్డదే గెలిచిందని తేల్చేశారు. పడుకున్న లైటు చెడ్డదని కాదు, నేల మీద పరుచుకునే పాలకూర లాంటివాటికి, వరసగా పెట్టిన నారుకి అదే మంచిది. కొమ్మలు వేసి పైకి లేచే తులసి లాంటిదానికి పక్కనుంచి వెలుగు కావాలి. మందిరంలో ఆడవాళ్ళకి కూడా చెప్పమన్నారు. చెప్పాను. అప్పటికి ఆయన మొహం కాస్త తేటగా ఉండేది. ఆకులు రెండు కాదు, వంద ఉన్నాయి.

ఇంట్లో దీపం లేకపోవడం మాత్రం నాకు లోపల కొరుకుతూనే ఉంది. మండలిలో ఒకావిడ కొడుకు ఆరోగ్యం కోసం నలభై రోజులు అఖండ దీపం పెట్టానని చెప్పింది. అందరూ చేతులు జోడించారు. మా ఇంట్లో వత్తి వెలిగించడానికే లేదని వాళ్ళకి తెలుసు. అందుకే ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడం నాకు ఇంకా కష్టమనిపించింది. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. మా ఇంట్లో తులసి ముందు రెండు లైట్లు ఉన్నాయి, కార్తీకం మొదటి రోజు నుంచి నలభై ఒక్క రోజులు వాటిని ఆర్పను, అదే నా అఖండం, ఆయన ఆయుష్షు కోసం అన్నాను. అందరూ బాగుందన్నారు. నేనే శాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి, ఎలక్ట్రిక్ లైటు దీపమవుతుందా అని అడిగేవాళ్ళెవరూ అక్కడ లేరు. తులసి రాత్రి లేకుండా ఉండగలదా అని నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చి చెప్పగానే ఆయన మొక్కల వైపు చూశారు.

"మొక్కకి రాత్రి కావాలే. చీకటి ఉంటేనే అది సర్దుకుంటాది. షెడ్‌లో ఇంజన్ని కూడా ఆపి చూస్తారు."

"దేవుడికి మొక్కినది ఆపుతామేటండి?" అన్నాను.

"సరేలే. నలుగురి ముందూ అనీసేవు కదా. మరేటి చేస్తాం."

ఆ అనీసేవు అన్న మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది.

కార్తీకం వచ్చింది. రెండు లైట్లూ పగలూ రాత్రీ వెలిగాయి. ఒకటి రెండుసార్లు కరెంటు పోతే టార్చి పట్టుకుని మొక్కల దగ్గర నిలబడ్డాను. ఇన్వర్టరు ఆక్సిజన్ మిషనుకే చాలేది. ఈ లైట్లు కూడా దానికి కలపొచ్చా అని అడిగాను. "కలుపు. నా ఊపిరి కొంచెం తీసి దానికివ్వు" అన్నారు నవ్వుతూ. నవ్వితే దగ్గు వచ్చింది. మళ్ళీ అడగలేదు.

ఆయన మంచం కూడా హాల్లోనే ఉండేది. ఆ వెలుగులో కళ్ళకి తువ్వాలు కట్టుకుని పడుకునేవారు. పదో రోజుకి నిలబడ్డ లైటు మొక్క ఆకుల్లో రంగు తగ్గింది. ఈనెలు పచ్చగా, మధ్య భాగం పాలిపోయి ఉంది. చివర్లలో ఎక్కడ చూసినా వెన్నులే. నేను దాన్ని శుభమనుకున్నాను, ఇంత పూత ఎప్పుడూ చూడలేదని ఆయనతో అన్నాను. ఆయన ఒక ఆకుని వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు.

"నిద్ర లేదే దీనికి. నన్నూ దాన్నీ ఇద్దర్నీ పడుకోనివ్వట్లేదు నువ్వు."

దానికి నేను చేసిన పని లైట్లు ఆర్పడం కాదు. ఆయన మంచాన్ని లోపలి గదిలోకి మార్పించాను. గొట్టం పొడుగుది తెప్పించాను. పదిహేనో రోజుకి ఆయన ఆ గదిలోంచి లేవడం మానేశారు. "పడుకున్నవాడికి పడుకున్న లైటే మిగిలింది" అన్నారు, పైన గది ట్యూబు చూపించి.

అక్కణ్ణుంచి మొక్కలు ఆయనకి కనిపించవు. రోజూ పొద్దున్న నన్ను ఆకులు లెక్కపెట్టి క్యాలెండరులో వెయ్యమనేవారు, అంకెలు చెప్పమనేవారు. మొదటి మూడు రోజులు నిజమే చెప్పాను. తగ్గుతున్నాయని వినేసరికి "లైటు ఆర్పీవే, వారం రోజులు ఆర్పి చూడు" అన్నారు. ఇంకా ఇరవై మూడు రోజులుంది. మండలిలో ప్రతి శనివారం ఎన్నో రోజని అడుగుతున్నారు. నాలుగో రోజు నుంచి నేను అంకెలు పెంచాను. ఎనభై, ఎనభై నాలుగు, తొంభై. నోటితో చెప్పడమే కాదు, ఏకాదశి, ద్వాదశి అని అచ్చువేసి ఉన్న ఆ గళ్ళలోనే, ఆయన పెన్సిలుతోనే వేశాను. అబద్ధమాడకూడదని ఆ మందిరంలో ఎన్నిసార్లు చదివి చెప్పానో లెక్క లేదు. ఆయనకి ధైర్యంగా ఉంటుందని ఆడాననుకున్నాను. నిజానికి ఆ లైటు ఆర్పవలసి వస్తుందని ఆడాను.

నిలబడ్డ లైటు మొక్క రోజురోజుకీ రాలిపోయింది. ఇప్పుడు ఆ కడ్డీని నేనే జరుపుతున్నాను. లైటు ఎటువైపు జరిపితే అటువైపు ఆకులు ముడుచుకునేవి. వెలుగు పక్కనుంచి అన్ని కొమ్మల్లోకీ వెళ్ళడమే దాని బలమని ఆయన తేల్చారు. ఆ బలమే, రాత్రి లేనప్పుడు, మొక్కకి తల దాచుకునే చోటు లేకుండా చేసింది. పడుకున్న లైటు మొక్క పైన కూడా ఎండిపోయింది. దాన్ని నేను ఆసరికి చూడటమే మానేశాను.

ముప్ఫై నాలుగో రోజు పొద్దున్న డాక్టరు వచ్చి చూసి, ఆస్పత్రికి కదిపినా దారిలో కష్టమని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆయన చెయ్యి కొంచెం పైకి లేపి, నోటి వైపు చూపించారు. నీళ్ళు కావాలని కాదు. నాకు అర్థమైంది.

చిన్న గిన్నెలో నీళ్ళు పోసుకుని హాల్లోకి వెళ్ళాను. నిలబడ్డ లైటు మొక్క మీద చెయ్యి వేస్తే మిగిలిన ఆకులు వెన్నులతో సహా ఊడి చేతిలోకి వచ్చాయి. అన్నీ పసుపు, అంచులు కాలినట్టు ఉన్నాయి. అలాంటి ఆకు దేవుడికి పెట్టకూడదని అందరికీ చెప్పినదాన్ని. రెండో కుండీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైగొడుగు ఎండి మాడిపోయింది. నేల మీద చెంప ఆనించి కిందికి చూశాను. ఆ ఎండిన ఆకుల నీడలో, ఇన్నాళ్ళూ ఎదగలేదని ఆయన వంక పెట్టిన కింది కొమ్మ మీద, రెండే రెండు ఆకులు. చిన్నవి, పచ్చగా ఉన్నాయి. వాటి మీద లైటు సరిగ్గా పడలేదు, అందుకని మిగిలాయి.

తెంపాను. నీళ్ళలో వేసి, చెంచాతో ఆయన నోట్లో పోశాను. ఒక ఆకు నాలుక మీద నిలిచింది. కళ్ళు తెరిచి చాలాసేపటికి అడిగారు.

"ఏ లైటుది?"

ఆ సమయంలో కూడా నేను నిజం చెప్పలేదు. "నిలబడ్డదాన్దే" అన్నాను.

"నాను చెప్పేను కదా."

ఆ తర్వాత మాట లేదు. రెండింటికి ముందే అయిపోయింది. హాల్లో గుక్క తిప్పుకోని మిషను ఒక్కటే ఇంకా గాలి తీస్తోంది. దాని స్విచ్ ఎక్కడుందో కూడా కాసేపు నాకు తోచలేదు.

మైల వచ్చింది కాబట్టి లైట్లు ఆర్పేశాను. ఆర్పడానికి నాకు ఒక శాస్త్రం కావలసి వచ్చింది, అది దొరికింది. పదకొండు రోజులు ఆ మొక్కలకి కిటికీలోంచి వచ్చే మసక వెలుతురే దిక్కు. పరామర్శకి వచ్చిన మండలి ఆడవాళ్ళు ఆయన ఎంత శాంతంగా వెళ్ళారో విని, అఖండం వృథా పోలేదన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. దుఃఖమనుకున్నారు.

పన్నెండో రోజున చూస్తే నిలబడ్డ లైటు మొక్క పుల్లలా ఉంది. రెండోదానికి, నేను ఆకులు తెంపిన కింది కొమ్మ కణుపులో ఆవగింజంత చిగురు కనిపించింది. మిషను వాళ్ళు వచ్చి మిషను పట్టుకెళ్ళారు. ఇంట్లో వత్తి వెలిగించవచ్చు. ఆ సాయంత్రం వెలిగించాను. అది ఎవరి కోసం వెలిగిస్తున్నానో నాకు తెలియలేదు. అలవాటు కొద్దీ నామాలు చదివాను. ఈసారి ఒక్కచోటా తప్పలేదు.

నెల దాటాక మళ్ళీ మండలికి వెళ్ళాను. భజన అయ్యాక, కొత్తగా ఫ్లాటులోకి మారిన ఒక కోడలు నా పక్కకి జరిగి కూర్చుంది.

"పిన్నీ, మా ఇంట్లో ధూప్ బిల్కుల్ రాదు, ఎండే పడదు. తులసికి ఏ లైటు పెట్టాలి, ఖడా వాలాయా, లేటా హువాయా? నిలబడ్డదా, పడుకున్నదా? బాబాయిగారు టెస్ట్ చేసి క్యాలెండర్‌లో రాసేరంట కదా. ఒక్కసారి ఇస్తారా, ఫోటో తీసుకుంటాను."

ఆ క్యాలెండరు ఇంకా గోడ మీదే ఉంది. కార్తీకం సగం దాకా ఆయన అంకెలు, తర్వాత నావి. ఈ పిల్లకి తెలుగు చదవడం రాదు గాని అంకెలు వస్తాయి. ఆ అంకెలు చూసి రాత్రీ పగలూ నిలువు లైటు పెడుతుంది, మొక్క పోతే తన భక్తిలో లోపం అనుకుంటుంది. ఆయన కష్టపడి తేల్చిన ఒక్క నిజాన్ని నేను అబద్ధంతో పాడు చేశానని అప్పుడు తెలిసింది.

మైకు కట్టేశారు. అందరూ ప్రసాదం కోసం కూర్చుని ఉన్నారు. నేను చెప్పాను. అఖండం అన్నది ఆయన కోసం కంటే మీ అందరి ముందు చిన్నబోకుండా ఉండటానికి అన్నానని, ఆయన ఆర్పమంటే ఆర్పలేదని, క్యాలెండరులో చివరి అంకెలు దొంగవని, ఆఖరి తీర్థం పోస్తూ కూడా అబద్ధమాడానని చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు. ఒకావిడ కీర్తనల పుస్తకం మూసి చీర కొంగుతో తుడిచింది. తన కొడుకు కోసం అఖండం పెట్టినావిడ లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. శనివారం భజన ఇప్పుడు వేరే ఆమె నడుపుతోంది. నేను వెనక వరసలో కూర్చుంటున్నాను. నాకు అది తగినదే. దేవుడి మీద నా నమ్మకం పోలేదు. నా నోటి మీద పోయింది.

ఆ కోడలు మాత్రం అక్కడే కూర్చుని ఉంది. ఆ పిల్లకి కావలసిన జవాబు ఇంకా రాలేదు.

"అచ్ఛా, అయితే పిన్నీ, ఏది పెట్టమంటారు మరి?"

"నిలబడ్డదే పెట్టు. ఆయన చెప్పింది అదే, అది నిజం" అన్నాను. "పొద్దుపోయేక ఆర్పీ."